అన్నయ్యను 'వాడు' అని రాయలేక

గత నెలలో ఒక చిన్న బొమ్మల కథను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తూ రెండో పేజీలోనే ఆగిపోయాను. కథలో పెద్ద చిక్కేమీ లేదు. వీధి చివర ఒక బేకరీ, అందులో పనిచేసే ఒక మనిషి, రోజూ బడికి వెళ్తూ ఆ మనిషిని పలకరించే ఒక పాప, అంతే. ఆ మనిషికి పుట్టుకతోనే వచ్చి బుద్ధి ఎదుగుదలను నెమ్మది చేసే డౌన్ సిండ్రోమ్ ఉందని వాక్యాల్లో ఎక్కడా లేదు, బొమ్మల్లో మాత్రం చూడగానే తెలుస్తుంది. ఇంగ్లీషులో అతడి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా 'హీ' అన్న ఒక్క మాటతో పని జరిగిపోయింది. తెలుగులో అలా కుదరదు. వాడా, అతనా, ఆయనా అన్నది తేల్చుకోకుండా ఒక్క క్రియను కూడా ముగించలేము. 'కేకు కోశాడు' అని రాస్తే ఒక మనిషి కనిపిస్తాడు, 'కేకు కోశారు' అని రాస్తే మరొక మనిషి కనిపిస్తారు.

ఆ బేకరీ మనిషికి ఏ సిండ్రోమూ లేకపోయి ఉంటే నేను క్షణం కూడా ఆలోచించేదాన్ని కాదు. నలభై ఏళ్లు దాటిన మనిషి, బడికి వెళ్లే పాప కళ్లతో చూస్తున్న కథ కాబట్టి 'ఆయన' అనో 'బేకరీ అంకుల్' అనో రాసుకుంటూ పోయేదాన్ని. ఈ మనిషి దగ్గర మాత్రం నా వేళ్లు వాటంతట అవే 'వాడు' అని టైపు చేశాయి. తెర మీద ఆ మాటను చూసి సిగ్గుపడ్డాను, ఎందుకంటే మా అన్నయ్యకు డౌన్ సిండ్రోమ్ ఉంది.

అన్నయ్య నాకన్నా మూడేళ్లు పెద్ద. అమ్మ పోయిన దగ్గర నుంచి హైదరాబాదులో నా దగ్గరే ఉంటున్నాడు. నేను 'ఉంటున్నాడు' అని రాయడంలో తోబుట్టువుల చనువు ఉంది. మా తూర్పు గోదావరి వైపు అన్నను 'వచ్చాడు, తిన్నాడు' అనే అంటాము. వీధిలో వినబడే 'వాడు' ఆ చనువు కాదు. మా ఇంటి ముందుకు వచ్చే కూరగాయల బండి మనిషి నన్ను 'మేడం గారూ' అని పిలుస్తూనే, పక్కన సంచీ పట్టుకుని నిలబడిన అన్నయ్యను చూపించి 'వీడికో జామకాయ ఇవ్వనా' అని అడుగుతాడు. ప్రేమ లేక కాదు, ఆ జామకాయకు ఎప్పుడూ డబ్బులు తీసుకోలేదు. అన్నయ్య తల నెరిసింది, చత్వారం వచ్చింది, అయినా పదేళ్ల పిల్లలకు కూడా ఆయన 'వీడే'. ఈ అలవాటు ఆ బండి మనిషికీ, పదేళ్ల పిల్లలకూ, నా వేళ్లకూ కూడా ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే, ఇంట్లో మాటల తర్వాత నాకు తోచిన మొదటి జవాబు కథలు.

మా చిన్నతనంలో ఇంటికి వచ్చిన పిల్లల పత్రికల్లోనూ, బళ్లో మాస్టారు చెప్పిన కథల్లోనూ బుద్ధి కాస్త నెమ్మదిగా ఎదిగిన మనిషికి ఒకటే ఉద్యోగం, నవ్వించడం. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి, ఒడ్డున నిలబడి తమను తాము లెక్కపెట్టుకుని, లెక్కపెట్టేవాడు ప్రతిసారీ తనను మరిచిపోవడంతో ఒకడు ఏట్లో కొట్టుకుపోయాడని గొల్లుమంటారు. ఆ కథ విన్నప్పుడల్లా అందరం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. అన్నయ్య కూడా నవ్వేవాడు, అయితే మాకన్నా ఒక్క క్షణం ఆలస్యంగా. ముందు మా ముఖాలు చూసి, నవ్వవలసిన చోటు ఇదేనని నిర్ధారించుకుని, ఆ తరువాత అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. ఆ క్షణం ఆలస్యం అప్పుడు నాకు వింతగా తోచలేదు. (అన్నట్టు, అన్నయ్యకు భోజనాల దగ్గర కంచాలు వేయడం ఇష్టమైన పని. తన కంచాన్ని ఏనాడూ మరిచిపోలేదు సరికదా, మొదట పడేది అదే.)

సామెతలు కూడా అదే దారిన నడిచాయి. 'వెర్రి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట' అన్న సామెతలో నయం కావడం సైతం ఒక హాస్యమే. నేను ఆ సామెతను ఇప్పటికీ వాడతాను, వాడిన తరువాత నాలుక కరుచుకుంటాను, మళ్లీ వాడతాను. భాష లోపలికి అంతగా ఇంకిపోయిన దానిని ఒక్క తీర్మానంతో కడిగేసుకోగలమని నేను అనుకోను.

పురాణాల సంగతి ఇంతకన్నా ఆసక్తికరంగా ఉంటుంది. మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుడు పన్నెండేళ్ల వయసులో జనకుడి కొలువుకు వెళ్లి, తన తండ్రిని వాదంలో ఓడించి నీళ్లలో ముంచిన వంది అనే పండితుడిని ఓడించి, తండ్రిని వెనక్కి తెచ్చుకుంటాడు. శరీరం ఎనిమిది చోట్ల వంకర తిరిగిన పిల్లవాడు కథకు నాయకుడైన సందర్భం ఇది. అతనికి ఏం కావాలో అతనికి తెలుసు, దాని కోసం బయలుదేరాడు, సాధించుకున్నాడు. అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! చివర తండ్రి చెప్పినట్టు సమంగా నదిలో మునగగానే వంకరలన్నీ పోయి శరీరం తిన్నగా అవుతుంది. భాగవతంలో కుబ్జ కథలో కూడా కృష్ణుడు ఆమె గూనిని సరిచేస్తాడు. గెలిచినా సరే, మంచి మనసు ఉన్నా సరే, ఒళ్లు సరిగ్గా కానిదే కథకు తృప్తి లేదు.

ఇది మన ఒక్కరి అలవాటు అనుకుంటే పొరపాటు. పిల్లల సాహిత్యంలో పేరుపొందిన స్విట్జర్లాండు నవల 'హైదీ' రెండో భాగం 1881లో వచ్చింది. అందులో మేకల కాపరి పీటర్ అసూయతో, హైదీ స్నేహితురాలు క్లారా చక్రాల కుర్చీని కొండ మీద నుంచి దొర్లించేస్తాడు, కొండగాలికీ మేకపాలకూ బలం పుంజుకున్న క్లారా లేచి నడుస్తుంది. 1911లో ఇంగ్లండు నేపథ్యంగా వచ్చిన 'ది సీక్రెట్ గార్డెన్'లో మంచం పట్టిన పిల్లవాడు కాలిన్ కూడా తోటలో తిరిగి తిరిగి నడక నేర్చుకుంటాడు. ఈ రెండు పుస్తకాలూ నాకు ఇష్టమే, ముఖ్యంగా కొండ మీద ఎండుగడ్డి పరుపులో పడుకుని కిటికీలోంచి చుక్కలు చూసే హైదీ నాకు చాలా ఇష్టం. కానీ ఇవి చదివిన పిల్లల మనసులో ఒక నమ్మకం నాటుకుంటుంది. మంచి స్నేహితురాలు దొరికి, మంచి గాలి పీల్చి, గట్టిగా అనుకుంటే నయమైపోతుందన్నదే ఆ నమ్మకం. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ వంటి ఎదుగుదలకు సంబంధించిన వైకల్యాలు జ్వరం లాంటివి కావు. పుట్టుకతోనో పసితనంలోనో మొదలై జీవితమంతా ఉంటాయి. అన్నయ్య కణాల్లో 21వ క్రోమోజోముకు రెండు ప్రతుల బదులు మూడు ప్రతులు ఉన్నాయి. ఈ కారణాన్ని శాస్త్రవేత్తలు 1959లో కనిపెట్టారు. ఏ కొండగాలీ ఆ మూడింటిలో ఒకదానిని ఎగరగొట్టలేదు. అలాంటప్పుడు నయం కావడమే సుఖాంతమైన కథలో అన్నయ్యకు చోటెక్కడ?

నయం చేయడం కుదరదని తెలిసిన తరువాతి కాలపు కథలు రెండు కొత్త దారులు పట్టాయి. ఒకటి దేవుడిని చేయడం. 'పాపం పుణ్యం తెలియని పసివాడు, దేవుడి బిడ్డ' అని మా బంధువులు అన్నయ్య గురించి అంటుంటే, వాళ్లు ఆయన్ని ఒక్క పూటైనా ఇంట్లో ఉంచుకోలేదని నాకు అర్థమవుతుంది. అన్నయ్య అబద్ధాలు చెబుతాడు. ఫ్రిజ్‌లో జున్ను తిని పిల్లి మీద పెడతాడు, మా ఇంట్లో పిల్లి లేదు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచించిన దగ్గర నుంచి ప్రభుత్వ కాగితాల్లో 'దివ్యాంగులు' అన్న మాట స్థిరపడింది. మంచి ఉద్దేశంతో వచ్చిన మాటే కావచ్చు, కానీ జున్ను తిని పిల్లి మీద పెట్టే మనిషికి ఆ దివ్యత్వం కాస్త బరువు.

రెండో దారి, ఏదో ఒక ప్రతిభను అంటగట్టడం. 2007లో వచ్చిన హిందీ సినిమా 'తారే జమీన్ పర్' చూసి ఏడవని వాళ్లు మా కుటుంబంలో లేరు, నేనూ ఏడ్చాను. చదువులో వెనుకబడిన ఇషాన్ చివరకు బొమ్మల పోటీలో మొదటి బహుమతి గెలుస్తాడు. సినిమా చూసి బయటకు వస్తుంటే మా చిన్నాన్న 'మనవాడికి కూడా ఏదో ఒకటి ఉండే ఉంటుంది, మనమే కనిపెట్టలేదు' అన్నాడు. ఆ తరువాత రెండేళ్లు అన్నయ్య చేతికి కుంచె, కీబోర్డు, కంజీర ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. ఆయనకు వేటిలోనూ ప్రత్యేకమైన ప్రతిభ లేదు. కంజీరను మాత్రం వదలలేదు, దానితో ఇరుగుపొరుగుకు నిద్ర లేకుండా చేశాడు.

ఈ విషయంలో నన్ను చాలాకాలం సతమతం చేసిన పుస్తకం అమెరికాలో 2010లో వచ్చిన 'అవుట్ ఆఫ్ మై మైండ్'. ఒహాయో రాష్ట్రంలో దీర్ఘకాలం ఉపాధ్యాయినిగా పనిచేసి, 1997లో ఆ దేశపు జాతీయ ఉత్తమ ఉపాధ్యాయినిగా ఎంపికైన షారన్ డ్రేపర్ దీనిని రాశారు. మెలొడీ అనే అమ్మాయికి పదకొండేళ్లు నిండబోతున్నాయి, సెరిబ్రల్ పాల్సీ వల్ల నడవలేదు, మాట్లాడలేదు, కథంతా ఆమే చెబుతుంది. ఐదేళ్ల వయసులో ఆమెను పరీక్షించిన వైద్యుడు ఈ పిల్ల బుర్రలో ఏమీ లేదన్నట్టుగా తీర్పు చెబుతాడు, తల్లి ఆ తీర్పును తోసిపుచ్చి బళ్లో వేస్తుంది. ఆమె లోపల మాటలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయని మనకు తెలుసు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు. మాట్లాడే యంత్రం ఒకటి చేతికి వచ్చాక ఆమె బడి క్విజ్ జట్టులోకి ఎంపికవుతుంది.

ఈ పుస్తకంలో నాకు నచ్చింది మెలొడీ కోపం. ఆమె వ్యంగ్యంగా ఆలోచిస్తుంది, అసూయపడుతుంది, చెల్లెలు తనకన్నా ముందు నడిచినందుకు లోలోపల కుములుతుంది. జట్టులోని పిల్లలు ఆమెను వదిలేసి విమానం ఎక్కి పోటీకి వెళ్లిపోయినప్పుడు రచయిత్రి వాళ్లను సులభంగా క్షమించనివ్వలేదు. సెరిబ్రల్ పాల్సీ ప్రధానంగా కదలికలకు సంబంధించినదే తప్ప, అది ఉన్న ప్రతి ఒక్కరికీ మేధో వైకల్యం ఉంటుందనుకోవడం తప్పు. ఆ తప్పును పదేళ్ల పిల్లలకు అర్థమయ్యేలా సరిదిద్దిన పుస్తకంగా దీనికి నేను నమస్కరిస్తాను. అయినా చదవడం ముగించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెలొడీ లోపల మేధావి ఉంది కాబట్టి ఆమెను తక్కువగా చూడడం అన్యాయమని తేలింది. అన్నయ్య లోపల దాక్కున్న మేధావి ఎవరూ లేరు. ఆయనకు ఇరవై వరకే లెక్క వచ్చు. యంత్రం ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆయన చెప్పదలచుకున్నవి ఇడ్లీ, రైలు, అమ్మ ఎప్పుడొస్తుంది, ఇవే. మరి ఆయన్ని తక్కువగా చూడడం ఎందుకు అన్యాయమో చెప్పే పుస్తకం వేరే ఉండాలి కదా అనిపించింది.

అమెరికాలో ఇలాంటి పుస్తకాల కోసమే ఒక బహుమతి ఉంది. ఎదుగుదల వైకల్యాలు ఉన్నవారిని సరిగ్గా చిత్రించిన పిల్లల పుస్తకాలకు 2000 సంవత్సరం నుంచి రెండేళ్లకొకసారి ఇచ్చే డాలీ గ్రే పురస్కారం అది. తొలి ఏడాది బొమ్మల పుస్తకాల విభాగంలో దానిని అందుకున్న 'ఇయాన్స్ వాక్'ను లారీ లియర్స్ రాశారు, కారెన్ రిట్జ్ బొమ్మలు వేశారు. జూలీ అనే పాప తన అక్కతోనూ, ఆటిజం ఉన్న తమ్ముడు ఇయాన్‌తోనూ కలిసి బాతులను చూడడానికి పార్కుకు బయలుదేరుతుంది. అందరూ చూసే వాటిని ఇయాన్ చూడడు, వాసన చూడవలసిన పూలను వదిలేసి ఇటుక గోడకు ముక్కు ఆనిస్తాడు. పార్కులో తప్పిపోతాడు. కంగారుపడిన జూలీ, తమ్ముడిలా ఆలోచిస్తే ఎక్కడికి వెళ్తానా అని ఊహించి, పార్కులోని పెద్ద గంట దగ్గర అతన్ని కనుక్కుంటుంది. ఇంటికి వచ్చేటప్పుడు అతనికి నచ్చినట్టు, అతను ఆగిన చోటల్లా ఆగుతూ నడుస్తుంది.

ఇలాంటి కథల్లో వైకల్యం ఉన్న పిల్లల తోబుట్టువు ఏదో ఒక పాఠం నేర్చుకోవడమే అసలు కథ అవుతుందనీ, ఆ పిల్లవాడు పాఠ్యపుస్తకంగా మిగిలిపోతాడనీ ఒక ఆక్షేపణ ఉంది. నేను ఆ తోబుట్టువుల జాతికే చెందినదాన్ని కాబట్టి ఆ ఆక్షేపణ నాకు గట్టిగానే తగులుతుంది. నాకు పదకొండేళ్లప్పుడు మా ఊరి తీర్థంలో అన్నయ్య తప్పిపోయాడు. నాన్న, బాబాయిలు గుడి చుట్టూ, చెరువు చుట్టూ వెతుకుతుంటే నేను పరుగెత్తుకుంటూ రైల్వే గేటు దగ్గరకు వెళ్లాను. అన్నయ్య గేటుమాన్ పక్కన బల్ల మీద కూర్చుని, సాయంత్రం పాసింజరు కోసం గేటు కిందికి దిగడం చూస్తున్నాడు. ఆ సంఘటనను మా ఇంట్లో ఇరవై ఏళ్లు చెప్పుకున్నారు. ప్రతిసారీ అది నా తెలివి గురించిన కథే: చిన్నపిల్ల ఎంత బాగా కనిపెట్టిందో, అన్నను ఎంత బాగా అర్థం చేసుకుందో అని. అన్నయ్య కూడా అక్కడే కూర్చుని వినేవాడు. ఆయన తప్పిపోలేదని, ఐదు గంటల బండి చూడాలని ఉండి, దారి గుర్తు పెట్టుకుని, రోడ్డు దాటి, తనంతట తాను మైలు దూరం నడిచి వెళ్లాడని మాకెవరికీ తోచలేదు. ఆయన ఆ రోజు ఒక పని అనుకుని పూర్తి చేశాడు. మేము దానిని తప్పిపోవడం అన్నాము.

అందుకే 'ఇయాన్స్ వాక్'లో నేను జూలీ మారడం కన్నా ఆ గంటను పట్టుకుంటాను. ఇయాన్‌కు గంట కావాలి. రచయిత్రి అతనికి ఒక కోరిక ఇచ్చింది, దానిని తీర్చుకునే కాళ్లు కూడా ఇచ్చింది. ఈ మధ్య ఏ పిల్లల పుస్తకం చేతికి వచ్చినా నేను వేసుకునే ప్రశ్న ఇదొక్కటే: కథలో వైకల్యం ఉన్న ఆ పిల్లకో, పిల్లవాడికో ఏం కావాలి? మిగిలిన పాత్రలకు వాళ్ల వల్ల ఏం కలిగిందన్నది కాదు, వాళ్లకు ఏం కావాలి? పరమానందయ్య శిష్యులకు ఏమీ అక్కర్లేదు. క్లారాకు నడక కావాలి, అది కూడా ఆమెకన్నా పెద్దవాళ్లకే ఎక్కువ కావాలి. అష్టావక్రుడికి తండ్రి కావాలి, అందుకే సమంగా నది వచ్చేంతవరకు ఆ కథకు సాటి లేదు. మెలొడీకి క్విజ్‌లో చోటు కావాలి, అంతకన్నా ఎక్కువగా ఒక స్నేహితురాలు కావాలి. ఆ రెండోది తలుచుకున్న తరువాతే నా నిద్ర పట్టని రాత్రికి సగం ఉపశమనం దొరికింది, ఎందుకంటే స్నేహితురాలు కావాలనుకోవడానికి మేధావి కానక్కర్లేదు.

బొమ్మల సంగతి కూడా చెప్పాలి. డౌన్ సిండ్రోమ్ ముఖంలో తెలుస్తుంది: కొసలు పైకి వాలిన కళ్లు, అణిగిన ముక్కు దూలం, చిన్న చెవులు, పొట్టి వేళ్లు. కొందరు చిత్రకారులు మర్యాద పేరుతో వీటిని చెరిపేసి మామూలు ముఖం వేస్తారు, అప్పుడు ఆ పిల్లవాడి పేరు పక్కన వివరణ రాయవలసి వస్తుంది. మరికొందరు నోరు తెరిపించి, నాలుక బయట పెట్టించి వదిలేస్తారు. నేను అనువదించిన బేకరీ కథలో చిత్రకారిణి ఎవరో కానీ చాలా శ్రద్ధగా చూసిన మనిషి. ఆ పొట్టి వేళ్లు కేకు పెట్టెకు దారం కడుతుంటే ముడి దగ్గర బొటనవేలు ఎంత గట్టిగా నొక్కిందో గీతలో కనబడుతుంది. అన్నయ్య ఆ బొమ్మ మీద వేలు పెట్టి, తరువాత తన వేలు చూసుకుని, మళ్లీ బొమ్మ మీద పెట్టాడు. ఆ పేజీ తిప్పనివ్వడానికి చాలాసేపు పట్టింది. నలభై ఐదేళ్లలో తన చేతి లాంటి చెయ్యి ఒక పుస్తకంలో ఆయనకు కనబడడం అదే మొదటిసారి.

మాటల విషయంలో ఇంగ్లీషు వాళ్ల జగడం ఒకటుంది, మనిషిని ముందు పెట్టాలా, వైకల్యాన్ని ముందు పెట్టాలా అని. తెలుగు వాక్యంలో ఆ జగడానికి తావు లేదు. విశేషణం ఎటూ ముందే వస్తుంది, 'ఆటిజం ఉన్న అమ్మాయి' అన్నా 'ఆటిస్టిక్ అమ్మాయి' అన్నా అమ్మాయి చివరే. మన చిక్కంతా 'వాడు' అనే తోకతో. కుంటివాడు, గుడ్డివాడు, చెవిటివాడు, పిచ్చివాడు. లోపానికి ఆ తోక తగిలించగానే మనిషి తయారవుతాడు, ఆ మనిషిలో లోపం తప్ప మరేమీ ఉండదు. అష్టావక్రుడికి తండ్రి పెట్టిన పేరు ఇంకేదైనా ఉందేమో ఎవరూ అడగలేదు. 'ఉన్న' అన్న చిన్న మాట ఆ తోకను తెంపుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి అంటే, అతనికి గొడుగు ఉన్నట్టు, అప్పు ఉన్నట్టు, ఇద్దరు మేనల్లుళ్లు ఉన్నట్టు అది కూడా ఉందని. ప్రభుత్వ పదాలు కూడా ఈ మధ్య కాలంలో నెమ్మదిగా మారాయి. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, ఆటిజాన్ని చేర్చి, బుద్ధిమాంద్యం అన్న అర్థం వచ్చే పాత పదం బదులు మేధో వైకల్యం అన్న పదాన్ని వాడింది. ఇలాంటి వారి కోసం 1984లో సికింద్రాబాదులో నెలకొల్పిన జాతీయ సంస్థ పేరు కూడా అదే విధంగా మారింది. అన్నయ్యకు సదరం శిబిరంలో ఇచ్చిన ధ్రువపత్రంలో వైకల్యం ఎంత శాతమో అంకెల్లో ఉంటుంది, పింఛనుకు అది కావాలి. కథకు ఆ అంకె అక్కర్లేదు. పుస్తకం ధ్రువపత్రంలా మొదలైతే నేను రెండో పేజీ దాటి వెళ్లను.

మన దేశంలో ఈ దిశగా పని జరగడం లేదని నేను అనను. చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ పిల్లల బొమ్మల పుస్తకాలను తెలుగుతో సహా అనేక భాషల్లో తెస్తోంది. నా చెయ్యి పట్టుకోవడానికి నీకెందుకు భయం అని నేరుగా అడిగే శీర్షికతో షీలా ధిర్ రాసిన పుస్తకాన్ని ప్రచురించింది వాళ్లే. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వేదికలో ఎవరైనా కథను తీసుకుని తమ భాషలోకి మార్చవచ్చు, నాలాంటి ఉద్యోగస్తులకు సెలవు రోజుల్లో అదొక వ్యాపకం. లోటు ఉన్నదల్లా మొదటే తెలుగులో పుట్టిన కథల్లో. ఐదు గంటల పాసింజరు చూడడానికి వెళ్లిన పిల్లవాడి కథ, ఫ్రిజ్‌లో జున్ను దొంగ కథ, ఏ కాకినాడలోనో ఖమ్మంలోనో జరిగే కథ నాకు ఇంకా చదవాలని ఉంది. రాయమని మిత్రులు నన్నే అంటారు. రాస్తే మళ్లీ చెల్లెలి కథే అవుతుందేమోనని నా భయం.

ఈ మధ్య అన్నయ్యకు చదివి వినిపించిన వాటిలో ఆయన మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంటున్నది 'వుయ్‌ల్ పెయింట్ ద ఆక్టోపస్ రెడ్'. స్టెఫనీ స్టూవ్ బోడీన్ రాసిన ఈ బొమ్మల పుస్తకం 1998లో అమెరికాలో వచ్చింది. ఆరేళ్ల ఎమ్మా, పుట్టబోయే తమ్ముడో చెల్లెలో తనతో కలిసి చేయబోయే పనులన్నీ నాన్నతో కూర్చుని లెక్కవేసుకుంటుంది, అవి పది లక్షల దాకా తేలుతాయి. తమ్ముడు ఐజాక్ పుడతాడు, అతనికి డౌన్ సిండ్రోమ్ ఉందని నాన్న దిగులుగా చెబుతాడు. ఎమ్మా దిగులుపడకుండా తన జాబితా మళ్లీ తీస్తుంది: ఇది చేయలేడా, అది చేయలేడా అని ఒక్కొక్కటీ అడుగుతుంది. కాస్త ఓపిక పట్టి, కాస్త సాయం చేస్తే చేయలేనిది ఒక్కటీ తేలదు. నా ప్రశ్నకు ఈ పుస్తకం పూర్తిగా నిలబడదు, పురిటి బిడ్డకు పాలు తప్ప కోరికలేముంటాయి? 2005లో వచ్చిన దీని తరువాయి పుస్తకంలో ఐజాక్ కాస్త పెద్దవాడై, సైగల భాష నేర్చుకోవలసిన వేళ మొండికేసి అక్కను విసిగిస్తాడు. నాకు ఆ మొండి ఐజాకే ఎక్కువ ఇష్టం. అన్నయ్యకు మాత్రం మొదటిదే కావాలి, అది కూడా ఆక్టోపస్ కోసం.

బేకరీ మనిషిని చివరకు 'ఆయన' అనే రాశాను. 'కేకు కోశారు, దారం కట్టారు, చిల్లర లెక్కపెట్టడానికి చాలాసేపు తీసుకున్నారు' అని కథ మొత్తం మార్చి పంపితే, చదివి చూసిన ఒక మిత్రురాలు చిన్నపిల్లల కథలో ఇంత గౌరవం బరువుగా ఉంది కదా అని అడిగారు. అదే కథలో బడి మాస్టారు కూడా ఉన్నారు, ఆయనకు కూడా 'కట్టారు, తీసుకున్నారు' అనే రాశాను, అది బరువుగా లేదా అని అడిగాను. ఆమె కాసేపు ఆగి, ఉండనివ్వండి అన్నారు.

ఆ రాత్రి కంప్యూటరు మూసి వచ్చేసరికి అన్నయ్య పాత క్యాలెండరు కాగితం వెనకవైపు రంగు పెన్సిళ్లతో ఏదో వేస్తున్నాడు. గుండ్రటి తల, కిందికి కాళ్లు. లెక్కపెట్టాను, పదకొండు. రంగు నీలం.

"ఎరుపు కదా అన్నయ్యా, పుస్తకంలో ఎర్ర రంగు వేద్దామని కదా ఉంది?"

"వద్దు," అన్నాడు తల ఎత్తకుండా. "నీలం."

ఎరుపు పెన్సిలు తీసి పక్కన పెట్టాను. దానిని నా వైపు ఇంకాస్త దూరంగా జరిపి, పన్నెండో కాలు మొదలుపెట్టాడు.